‘ఆపినప్పుడు నడిచింది’: బాగుచేయని మజిల్ కారు అమ్మకంలో అసలు సరుకేమిటి?

అమెరికాలో పాత కార్ల ప్రకటనలు చదివేవాళ్లకి బాగా అలవాటైన మాట ఒకటుంది: ‘రాన్ వెన్ పార్క్‌డ్’. ఆపినప్పుడు నడుస్తూనే ఉందని అర్థం. ఇందులో అబద్ధమేమీ లేదు. ఏ కారైనా ఆపే దాకా నడిచే ఉంటుంది కదా. ఆపింది నిరుడా, 1984లోనా అన్నది మాత్రం ఆ మాటలో ఉండదు. దాని పక్కనే చాలాసార్లు ఇంకో వాక్యం కూడా కనిపిస్తుంది: ‘అడ్డగోలు బేరాలు వద్దు, నా దగ్గరున్నదేమిటో నాకు తెలుసు’.

అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఈ వ్యాపారంలో చిక్కంతా అక్కడే ఉంది. మజిల్ కారు అంటే మామూలు కారుకి పెద్ద ఇంజన్ పెట్టిన అమెరికా బండి. అలాంటిదే, షెడ్డులో ముప్పై ఏళ్లుగా పడి ఉన్న 1969 డాడ్జ్ చార్జర్‌ని ‘ప్రాజెక్ట్ కారు’గా, అంటే కొన్నవాళ్లే బాగుచేసుకోవాల్సిన బండిగా అమ్మకానికి పెట్టారనుకుందాం. బండితో పాటు దాని చుట్టూ ఉన్న అనుమానం కూడా చేతులు మారుతుంది. ఇది నిజంగా ఏ మోడల్? ఇంజన్ దీనిదేనా? పెయింట్ కింద ఇనుము మిగిలి ఉందా? అనుమానం పెరిగిన కొద్దీ ధర కిందికి దిగుతుంది. దాన్ని తగ్గించడానికి ఒక్క పూట కూడా వెచ్చించని మనుషులు, బండిని కడిగి రంగేయడానికి మాత్రం వారాలు ఖర్చుపెడతారు. డబ్బు పోగొట్టుకునేది సరిగ్గా అక్కడే.

ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే అసలీ బళ్లు ఎలా పుట్టాయో కొంచెం చెప్పుకోవాలి. 1964లో జనరల్ మోటార్స్ కంపెనీలో మధ్యరకం సైజు కార్లకి 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదని లోపలి నియమం ఒకటి ఉండేది. పాంటియాక్ విభాగంలో చీఫ్ ఇంజనీరుగా ఉన్న జాన్ డెలోరియన్, ఆయన జట్టు ఆ నియమంలో సందు వెతికారు. టెంపెస్ట్ లెమాన్స్ అనే మామూలు కారుకి 389 ఇంజన్‌ని ‘ఆప్షన్ ప్యాకేజీ’గా తగిలించి జీటీఓ అని పేరు పెట్టారు. మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి. దాంతో కార్ల కంపెనీల ఊరు డెట్రాయిట్ అంతా అదే దారి పట్టింది. 1968లో ప్లిమత్ కంపెనీ కార్టూన్ పక్షి పేరు వాడుకోవడానికి వార్నర్ బ్రదర్స్‌కి 50 వేల డాలర్లు ఇచ్చి, మూడు వేల డాలర్లలోపు ధరకి రోడ్ రన్నర్‌ని దింపింది. 1970కల్లా షెవ్రొలే షెవెల్ 454 ఎల్ఎస్6 ఇంజన్‌తో 450 హార్స్‌పవర్ దాకా వెళ్లింది. తర్వాత ఇన్సూరెన్స్ ప్రీమియంలు పెరిగాయి, పొగ నిబంధనలు వచ్చాయి, 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. పట్టుమని పదేళ్లు కూడా నిలవని సరదా అది.

ఈ కథలో అమ్మకానికి పనికొచ్చే సంగతి ఒకటుంది. వీటిని ఎవరూ దాచుకోవడానికి కొనలేదు. కుర్రాళ్లు అప్పు చేసి కొని, సిగ్నల్ దగ్గర పందేలు వేసి, ఇంజన్లు పేల్చేసి, ఇంకో ఇంజన్ పడేసి మళ్లీ నడిపారు. పదేళ్లు తిరిగేసరికి అవి సెకండ్ హ్యాండ్ షెడ్లలో కొన్ని వందల డాలర్లకి దొరికేవి. 1979 నుంచి 1985 దాకా నడిచిన ఒక టీవీ సీరియల్ కోసం గాల్లోకి దూకించి నుజ్జు చేసిన చార్జర్లే సుమారు 300 ఉంటాయని చెబుతారు. అప్పట్లో అవి అంత చవక. అందుకే పుట్టినప్పటి ఇంజన్, గేర్‌బాక్స్, కాగితాలు ఇప్పటికీ కలిసి ఉన్న బండి అరుదైపోయింది. ఆ కలయికని రుజువు చేయగలిగితే ధర ఒక రకంగా ఉంటుంది, ‘అలా అనుకుంటున్నాం’ అంటే ఇంకో రకంగా ఉంటుంది.

నంబర్లు చెప్పే కథ

1969 చార్జర్లు సుమారు 89 వేలు తయారయ్యాయి. వాటిలో చాలావరకు 318, 383 ఇంజన్లున్న మామూలు బళ్లే. జనం కలల్లోకి వచ్చేది మాత్రం ఆర్/టీ: 440 మాగ్నమ్ ఇంజన్, 375 హార్స్‌పవర్. లేదంటే 426 హెమీ, 425 హార్స్‌పవర్. బయటికి చూస్తే మామూలు చార్జర్‌కీ ఆర్/టీకీ తేడా కొన్ని బ్యాడ్జీలు, తోక మీద ఒక గీత. వంద డాలర్ల సామానుతో ఎవరైనా అతికించుకోవచ్చు. కాబట్టి బ్యాడ్జీని నమ్మే కొనుగోలుదారు ఈ బజారులో ఉండడు.

నమ్మేది డ్యాష్‌బోర్డు మీద, డ్రైవర్ వైపు అద్దంలోంచి కనిపించే రేకు మీది నంబర్‌ని. దాన్నే విన్ (వాహన గుర్తింపు సంఖ్య) అంటారు. ఈ విషయంలో క్రైస్లర్ కంపెనీ (డాడ్జ్, ప్లిమత్ దానివే) కొనేవాళ్లకి మేలే చేసింది. ఆ నంబరు XS29L9B అని మొదలైందనుకోండి. ఎక్స్ అంటే చార్జర్, ఎస్ అంటే ఆర్/టీ తరగతి, 29 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, ఎల్ అంటే 440 మాగ్నమ్, 9 అంటే 1969, బి అంటే డెట్రాయిట్ పక్కనున్న హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ. ఎల్ స్థానంలో జె ఉంటే హెమీ. అదే XP29F అని ఉంటే మామూలు చార్జర్, 318 ఇంజన్. మొదటి అయిదు అక్షరాలతోనే సగం బేరం తేలిపోతుంది. ప్రకటనలో ఈ నంబర్‌ని దాచిపెట్టి ‘440 ఆర్/టీ’ అని పెద్ద అక్షరాల్లో రాస్తే, తెలిసినవాళ్లు నవ్వుకుని పక్క ప్రకటనకి వెళ్లిపోతారు.

అన్ని కంపెనీలదీ ఇదే దారి కాదు. 1969 షెవ్రొలే నంబర్ చూస్తే అందులో ఉన్నది వి8 ఇంజనా, ఆరు సిలిండర్ల ఇంజనా అన్నంత వరకే తెలుస్తుంది. షెవెల్‌లో జోరైన రకం ఎస్ఎస్ 396 అవునో కాదో విన్ చెప్పదు. నకిలీ ఎస్ఎస్‌లు పుట్టలు పుట్టలుగా తయారవడానికి కారణం ఇదే. పాంటియాక్ జీటీఓ సంగతి ఇంకా తమాషా: 1966 నుంచి 1971 దాకా వచ్చిన వాటిలో విన్ 242తో మొదలైతే అది జీటీఓ అని తెలిసిపోతుంది. కానీ 1964, 65 బళ్లలో అది ఆప్షన్ మాత్రమే కాబట్టి నంబరు మామూలు లెమాన్స్‌దే. అప్పుడు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ దగ్గర నుంచి ఫ్యాక్టరీ ఇన్వాయిసు నకలు తెప్పించుకోవాలి. ఫోర్డ్ బళ్లకైతే, 1967 నుంచి వచ్చిన వాటికి, కంపెనీ ఉత్పత్తి రికార్డుల ఆధారంగా ఇచ్చే మార్టీ రిపోర్ట్ ఉంది. ఏ ఇంజన్‌తో, ఏ రంగులో, ఏ డీలర్‌కి వెళ్లిందో అందులో ఉంటుంది. ఇలాంటి కాగితానికి అయ్యే ఖర్చు ఒక టైరు ధర కన్నా తక్కువ. అది లేకుండా అమ్మడం పాసు పుస్తకం చూపించకుండా పొలం బేరం పెట్టినట్టే.

చార్జర్‌కి తిరిగి వద్దాం. దీనికి అలాంటి ఫ్యాక్టరీ రికార్డుల సేవ ఏదీ పెద్దగా అక్కరకు రాదు. సాక్ష్యమంతా బండిలోనే ఉంటుంది. బానెట్ ఎత్తితే ఎడమవైపు లోపలి ఫెండర్ మీద రెండు స్క్రూలతో బిగించిన చిన్న రేకు ముక్క, ఫెండర్ ట్యాగ్. దాని మీద ఇ86 అని ఉంటే 440 మాగ్నమ్, డి32 అని ఉంటే హెవీ డ్యూటీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, డి21 అని ఉంటే నాలుగు గేర్ల మాన్యువల్. రంగు, సీట్ల గుడ్డ, తయారీ తేదీ అన్నీ సంకేతాల్లో ఉంటాయి. రేడియేటర్ పైన ఉండే అడ్డపట్టీ మీద, డిక్కీ అంచు గట్టర్ మీద బండి నంబరు ఆఖరి అంకెలు గుద్ది ఉంటాయి. ఇంజన్ బ్లాక్ మీదా గేర్‌బాక్స్ మీదా అవే అంకెలుంటే ‘మ్యాచింగ్ నంబర్స్’ అంటారు. 440 మీద ఆ అంకెలు కింద, ఆయిల్ పాన్ అంచు దగ్గర ఉంటాయి. జిడ్డు తుడిచి, టార్చి వేసి, పాకితే తప్ప కనిపించవు. చాలామంది పాకరు. ‘ఒరిజినల్ ఇంజనే అని మా నాన్న చెప్పేవాడు’ అని రాసి ఊరుకుంటారు. అరగంట పాకితే వచ్చే ఒక్క ఫొటో ఆ వాక్యం కన్నా కొన్ని వేల డాలర్లు ఎక్కువ విలువ చేస్తుంది.

ఫ్యాక్టరీలో బండి తయారవుతున్నప్పుడు దాని వెంట తిరిగిన కాగితం, బిల్డ్ షీట్, ఇంకా గొప్ప సాక్ష్యం. కార్మికులు దాన్ని వెనక సీటు స్ప్రింగుల్లోనో, కార్పెట్ కిందో, పెట్రోలు ట్యాంకు మీదో వదిలేసేవాళ్లు. యాభై ఏళ్ల తర్వాత సగం ఎలుకలు కొరికిన స్థితిలో దొరుకుతుంది. దొరికితే పండగే. షెడ్డులోంచి తీసిన బండిలో సీటు కింద ఎలుకల గూడు కనిపించగానే మొత్తం ఊడ్చి చెత్తబుట్టలో పోసేవాళ్లని తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ గూడు కట్టింది ఏ కాగితంతోనో ముందు చూడాలి.

ఇంత విలువ ఉన్నచోట దొంగ పనులు కూడా ఉంటాయి. బ్లాక్ మీది అంకెలు గీకేసి కొత్తవి గుద్దడం, తుప్పుపట్టి పోయిన ఆర్/టీ నుంచి రేకులు ఊడదీసి మామూలు చార్జర్‌కి తగిలించడం లాంటివి. విన్ రేకుని తీయడం, మార్చడం అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరం. రాష్ట్ర చట్టాలకి లోబడి చేసే రిస్టరేషన్ (పాత బండిని మళ్లీ మొదటి స్థితికి తేవడం) లాంటి వాటికి కొన్ని మినహాయింపులున్నాయి గానీ వాటి మీద భరోసా పెట్టుకోవడం ప్రమాదం. కాన్సస్‌లో జరిగిన ఒక కేసు చాలు. 1959 కార్వెట్ కొన్న ఒకాయన 2017లో రిజిస్ట్రేషన్‌కి తీసుకెళ్తే, ఎప్పుడో రిస్టరేషన్‌లో విన్ రేకు తీసి మళ్లీ బిగించిన ఆనవాళ్లు పోలీసులకి కనిపించాయి. బండిని జప్తు చేశారు. అప్పటి రాష్ట్ర చట్టం ప్రకారం దాన్ని నుజ్జు చేయాల్సిందే. ఆయన తప్పేమీ లేదని అందరూ ఒప్పుకున్నా, 2022లో చట్టం మార్చే దాకా దారి దొరకలేదు. కారు చేతికొచ్చింది ఆ తర్వాతే. అమ్మేముందు డ్యాష్‌బోర్డు శుభ్రం చేద్దామని ఆ రేకు రివెట్లు ఊడదీసే ఆలోచన ఎవరికైనా వస్తే, ఈ కేసు గుర్తు తెచ్చుకోవాలి.

మేడిపండు సామెత ఈ బళ్ల కోసమే పుట్టిందా?

ఇంజన్ పోతే ఇంకోటి తేవచ్చు. రేకు పోతే కష్టం. 1960ల కార్లకి ఇప్పటిలాగా తుప్పు పట్టకుండా జింకు పూత ఉండేది కాదు. మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా లాంటి చోట్ల చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు కింది నుంచి ఎగజిమ్మి మూలమూలలా చేరుతుంది. అదే అరిజోనా ఎడారిలో ఉన్న బండికి రేకు గట్టిగా ఉంటుంది గానీ, ఎండకి డ్యాష్‌బోర్డు నెర్రెలు బారుతుంది, సీట్లు పొడిపొడి అవుతాయి. కొనేవాళ్లు రెండోదాన్నే ఎంచుకుంటారు. సీటు కుట్టించడం కన్నా బాడీ కోసి అతకడం ఎన్నో రెట్లు ఖర్చు.

చార్జర్‌కి తనదైన జబ్బు ఒకటుంది. వెనక అద్దం లోపలికి నొక్కుకుపోయినట్టు, రెండు పక్కలా వాలు గోడల మధ్య ఉంటుంది. అందానికి అందమే. కానీ వాన నీళ్లు ఆ అద్దం కింది అంచున నిలిచి, అక్కడి రేకు తిని, డిక్కీలోకి కారి, డిక్కీ నేలని తింటాయి. పైకప్పు మీద వినైల్ గుడ్డ ఉన్న బండైతే తడి ఆ గుడ్డ కిందే ఉండిపోయి పని ఇంకా తొందరగా పూర్తి చేస్తుంది. కాబట్టి చార్జర్ గురించి తెలిసినవాళ్లు ముందు వైపు నుంచి చూడటం మొదలుపెట్టరు. నేరుగా వెనక్కి వెళ్లి డిక్కీ తెరిచి చాప ఎత్తుతారు. తర్వాత కింద పడుకుని ఫ్రేమ్ రెయిల్స్, ముందు టార్షన్ బార్లు బిగించే అడ్డదూలం, వెనక లీఫ్ స్ప్రింగులు పట్టుకునే చోట్లు చూస్తారు. ఇది యూనిబాడీ కారు, అంటే కింద విడిగా చట్రం ఉండదు. బాడీయే చట్రం. ఆ చోట్ల తుప్పు పడితే అది అందానికి సంబంధించిన లోపం కాదు, బండి వెన్నెముక విరిగినట్టు. జీటీఓ, షెవెల్‌లకి విడి చట్రం ఉంటుంది కాబట్టి లెక్క వేరు. షెవ్రొలే వాళ్ల ఇంకో కారు కమారోకి ముందు భాగంలో మాత్రమే బోల్టులతో బిగించే చట్రం ఉంటుంది.

అమ్మేవాళ్లు తామే ఆ చోట్లన్నీ ఫొటో తీసి పెట్టేస్తే సగం గొడవ తీరుతుంది. అయస్కాంతం పట్టుకుని బాడీ చుట్టూ తిరగాలి. అది అతుక్కోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. ఆ జాగాల్ని సుద్దతో గుర్తుపెట్టి ఫొటో తీసిన ప్రకటన చూస్తే కొనేవాళ్లు పారిపోతారని భయపడతారు గానీ, నిజానికి జరిగేది వేరు. దాచిన తుప్పు ఎంతుందో తెలియనప్పుడు కొనేవాళ్లు అతి చెడ్డ స్థితిని ఊహించుకుని ధర చెబుతారు. చూపించిన తుప్పుకైతే ఉన్నంత మేరకే తగ్గిస్తారు.

ఇక్కడ మోడల్‌ని బట్టి అదృష్టం మారుతుంది. చార్జర్, కమారో, మస్టాంగ్ లాంటి జనాదరణ ఉన్న బళ్లకి దాదాపు ప్రతి రేకూ కొత్తగా తయారై దొరుకుతోంది. ఆటో మెటల్ డైరెక్ట్ లాంటి కంపెనీలు చార్జర్‌కి నేల, డిక్కీ, వెనక క్వార్టర్ ప్యానెళ్లు అచ్చం పాతవాటిలాగే చేసి అమ్ముతున్నాయి. డైనాకార్న్ అయితే 1969 కమారోకి మొత్తం బాడీనే కొత్తగా చేసి ఇస్తుంది. ముప్పై ఏళ్ల కింద పాత ఇనుముకి వెళ్లే బండి ఇవాళ ప్రాజెక్ట్ కారు అని పిలిపించుకోవడానికి ఈ రేకులే కారణం. ఏఎంసీ, మెర్క్యురీ, బ్యూక్ లాంటి వాటిలో కొన్ని మోడళ్లకి ఒక్క గ్రిల్లు ముక్క కోసం ఏళ్ల తరబడి వెతకాలి. అలాంటి బండి అమ్మేటప్పుడు రేకు ఎంత బాగుంది అనే దానికన్నా, చిన్న చిన్న క్రోమ్ పట్టీలు, అద్దాలు, గ్రిల్లు అన్నీ ఉన్నాయా అన్నదే ముఖ్యం.

ముట్టుకోకపోవడమూ ఒక పనే

అమ్మేముందు కొంచెం బాగుచేద్దామన్న కోరిక సహజం. ఇంట్లో పాత బీరువా అమ్మాలన్నా ముందు రంగేద్దామనిపిస్తుంది. ఈ బళ్ల విషయంలో అది కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. వెయ్యి డాలర్లతో వేయించిన చవక పెయింట్‌ని కొనేవాళ్లు ముసుగుగా చూస్తారు. కింద ఏముందో అని అనుమానం మొదలవుతుంది, పైగా ఆ పెయింట్ మళ్లీ గీకించే ఖర్చు కూడా లెక్కలో వేసుకుంటారు. వెలిసిపోయిన ఫ్యాక్టరీ రంగు, దాని కింద కనిపించే తుప్పు మచ్చ నిజం చెబుతాయి.

ఇంజన్ విషయంలోనూ అంతే. ముప్పై ఏళ్లుగా తిరగని ఇంజన్‌కి కొత్త బ్యాటరీ పెట్టి, ఫోన్లో వీడియో తీస్తూ స్టార్ట్ చేయడం చూడటానికి బాగుంటుంది. సిలిండర్ గోడలు ఎండిపోయి, రింగులు అతుక్కుని ఉన్నప్పుడు అలా తిప్పితే లోపల గీతలు పడతాయి. ప్లగ్గులు తీసి నూనె పోసి కొన్ని రోజులు నాననిచ్చి, చేత్తో రెంచి పట్టుకుని తిప్పి చూడటం మేలు. తిరిగితే ‘చేత్తో తిరుగుతోంది, స్టార్ట్ చేయలేదు’ అని రాయాలి. తిరగకపోతే అదీ రాయాలి. ఆ నిజాయతీ గల చిన్న వాక్యానికి విలువ కట్టేవాళ్లు ఈ బజారులో ఉన్నారు.

ముట్టుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి అందరూ ఎత్తే ఉదాహరణ ఒకటుంది. 1968 నాటి ‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ నడిపిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీ 390ని ఒక కుటుంబం 1974లో ఆరు వేల డాలర్లకి కొని, కొన్నాళ్లు రోజువారీ పనులకి వాడి, తర్వాత మూలన పెట్టింది. మెక్‌క్వీన్ స్వయంగా ఉత్తరం రాసి అడిగినా ఇవ్వలేదు. 2020 జనవరిలో ఫ్లోరిడాలో మెకమ్ వేలంలో అది ఫీజుతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది. వెలిసిన ఆకుపచ్చ రంగు, సొట్టలు, కెమెరా బిగించడానికి కింద చేసిన వెల్డింగు ఆనవాళ్లు అలాగే ఉన్నాయి. ఎవరైనా మధ్యలో దాన్ని ముద్దుగా రిస్టోర్ చేసి ఉంటే, అది ఆ సినిమా కారే అని చెప్పే గుర్తులు గ్రైండర్ కింద పోయేవి. అయితే ఈ ఉదాహరణ చూసి ప్రతి షెడ్డులోని తుప్పు కారూ నిధే అనుకోవడం కూడా పిచ్చే. దానికి సినిమా ఉంది, మిగతావాటికి లేదు.

ఇప్పుడు దుమ్ముకి కూడా ఫ్యాషన్ వచ్చింది. ‘బార్న్ ఫైండ్’ అంటే షెడ్డులో మరిచిపోయిన బండి దొరికిందని చెబితే జనం ఎగబడుతున్నారు కాబట్టి, కొందరు దుమ్ము దులపకుండానే ఫొటోలు తీస్తారు. మొదటి నాలుగు ఫొటోల వరకు పర్వాలేదు. ఆ తర్వాత కడిగి, రేకు కనిపించేలా మళ్లీ తీయకపోతే దుమ్ము కూడా పుట్టీ చేసే పనే చేస్తున్నట్టు.

ధర

పాత కార్ల ధరల పట్టికలు చూసుకుని రేటు పెట్టడం మామూలు. అక్కడే తప్పటడుగు పడుతుంది. హాగర్టీ పట్టికలో స్థితులు నాలుగు: ఒకటి అంటే పోటీలకి తీసుకెళ్లే బండి, నాలుగు అంటే ఏదో నడుస్తున్న బండి. నడవని బండి ఆ నాలుగో మెట్టుకి కూడా కింద ఉంటుంది. ఆరు మెట్లున్న ఇంకో పాత పట్టిక పద్ధతిలో అయిదు అంటే బాగుచేయదగింది, ఆరు అంటే విడిభాగాలకి మాత్రమే పనికొచ్చేది. షెడ్డులోని బండి అయిదుకీ ఆరుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. అమ్మేవాళ్ల కళ్లు మాత్రం రెండో నంబరు మీద ఉంటాయి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత గుర్తురాక మానదు.

లెక్క పై నుంచి కిందికి వేయాలి. ఉదాహరణకి, బాగుచేసిన తర్వాత ఒక ఆర్/టీ 90 వేల డాలర్లు పలుకుతుందనుకుందాం. రేకు పని, పెయింట్, ఇంజన్, క్రోమ్, సీట్లు అన్నీ షాపులో చేయిస్తే 80 వేలు అవుతుందనుకుందాం. మిగిలేది పది వేలు. అందులోంచి తెలియని లోపాల కోసం కొనేవాడు కొంత పక్కన పెట్టుకుంటే ఆ పది కూడా మిగలదు. ఈ లెక్క ప్రకారం చాలా ప్రాజెక్ట్ కార్లకి ధరే ఉండకూడదు. మామూలు 318 చార్జర్‌కైతే లెక్క సున్నాకి కిందికి పోతుంది. అయినా అవి అమ్ముడుపోతున్నాయి, మంచి ధరకే అమ్ముడుపోతున్నాయి. ఎందుకంటే కొనేవాళ్లలో ఎక్కువమంది తమ శ్రమకి కూలి కట్టుకోరు. శనివారాలు, ఆదివారాలు గ్యారేజీలో గడపడమే వాళ్లకి కావాల్సింది. షాపులో గంటకి వంద డాలర్ల పైన పడే పని, ఇంట్లో చేసుకుంటే ఖర్చు కింద రాయరు. ప్రాజెక్ట్ కారు ధర నిలబడి ఉన్నది ఆ రాయని కూలి మీదే. కాబట్టి ప్రకటన ఎవరి కోసం రాస్తున్నారో తెలుసుకోవడం ముఖ్యం. లాభానికి కొని అమ్మే వ్యాపారి పై లెక్క వేసుకునే వస్తాడు, అతనికి ఎంత కథ చెప్పినా ధర పెరగదు. ఇంటి దగ్గర చేసుకునే మనిషి మాత్రం వెతికేది వేరు: మొదలుపెడితే పూర్తవుతుందా, దారిలో దొరకని భాగాలేమైనా ఉన్నాయా అని.

ధర ఇక దిగని అడుగు కూడా ఒకటుంది, విడిభాగాల విలువ. సరైన తేదీలున్న 440 బ్లాక్, కార్టర్ ఏవీఎస్ కార్బ్యురేటర్, నాలుగు గేర్ల బండికి వచ్చే డానా 60 ఇరుసు వీటికి విడివిడిగా గిరాకీ ఉంది. హెమీ అయితే చెప్పక్కర్లేదు, ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే. విప్పి అమ్మితే ఎక్కువ వస్తుందని తేలే సందర్భాలుంటాయి. అలా చేసినప్పుడు విన్ రేకు, ఫెండర్ ట్యాగ్ విడిగా అడిగేవాళ్లు తప్పకుండా వస్తారు. వాళ్లు ఎందుకడుగుతున్నారో పైన చెప్పుకున్నాం.

అనుమానం ధరని దించుతుందన్న కారణంతోనే, సగం విప్పి డబ్బాల్లో పోసిన బండి అన్నిటికన్నా తక్కువ పలుకుతుంది. భాగాలన్నీ ఉన్నా సరే, ఉన్నాయని ఎవరూ చెప్పలేరు. చార్జర్ ముందు గ్రిల్లులో దాగి ఉండే హెడ్‌లైట్ తలుపులు వాక్యూమ్‌తో తెరుచుకుంటాయి. ఆ గొట్టాలు, మోటార్లు, చిన్న చిన్న బిగింపులు ఏ డబ్బాలో ఉన్నాయో తెలియకపోతే లేనట్టే. ఒక వారాంతం కూర్చుని డబ్బాల్లోని సామానంతా నేల మీద పరిచి, ఫొటో తీసి, జాబితా రాసి, సంచుల్లో కట్టిపెట్టడం కన్నా లాభసాటి పని ఇంకోటి లేదు.

కాగితాలు, బజారు, ట్రైలర్

ఎక్కడ అమ్మాలన్నది పెద్ద చిక్కు కాదు. ఫ్లోరిడాలోనో అరిజోనాలోనో మెకమ్, బారెట్-జాక్సన్ వేలం దీపాల కింద మెరిసే బళ్లకి నప్పుతుంది. కదలని బండికి అక్కడి దాకా మోసుకెళ్లే ఖర్చు, ఫీజులు కలిసి బరువైపోతాయి. ఆన్‌లైన్ వేలాల్లో బ్రింగ్ ఎ ట్రైలర్ లాంటి చోట తెలిసినవాళ్లు నిలదీసి ప్రశ్నలడుగుతారు. కాగితాలు, ఫొటోలు సిద్ధంగా ఉన్నవాళ్లకి అది వరం, లేనివాళ్లకి పరువు తక్కువ. 1954 నుంచి నడుస్తున్న హెమ్మింగ్స్ లాంటి పత్రికలు, ఊళ్లోని క్లబ్బులు నిదానంగా అమ్ముతాయి గానీ సరైన మనిషిని తెస్తాయి.

టైటిల్ కాగితం, అంటే బండి ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రం దగ్గర మాత్రం ఆగి చూడాలి. ఈ బళ్లని కుర్రతనంలో కొన్న తరం ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉంది. చాలా బండ్లు వారసుల చేత అమ్ముడుపోతున్నాయి. టైటిల్ చనిపోయిన తండ్రి పేరు మీదే ఉంటుంది, లేదా అసలు కనిపించదు. ఒకప్పుడు వెర్మాంట్ రాష్ట్రం పదిహేనేళ్లు దాటిన బండికి టైటిల్ లేకపోయినా, వేరే రాష్ట్రం వాళ్లకైనా పోస్టులోనే రిజిస్ట్రేషన్ ఇచ్చేది. దేశమంతా ఆ దొడ్డిదారి వాడుకుంది. 2023లో నిబంధనలు బిగించడంతో బయటివాళ్లకి అది దాదాపు మూతపడింది. ఇప్పుడు ‘టైటిల్ లేదు, బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు రసీదు) మాత్రమే’ అన్న బండి ధర బాగా కిందికి దిగుతుంది. వారసత్వ కాగితాలు తెచ్చుకుని టైటిల్ తమ పేరుకి మార్చుకోవడానికి కొన్ని నెలలు పట్టినా, ప్రకటన వేయడం ఆ తర్వాతే మంచిది. టైటిల్ మీద నంబరూ డ్యాష్‌బోర్డు మీద నంబరూ అక్షరం అక్షరం సరిపోయాయా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. 1970ల్లో టైపు మిషన్ మీద కొట్టిన గుమాస్తా ఒక అంకె తారుమారు చేసి ఉంటే, కొనేవాడి రాష్ట్రంలో ఆ బండి దొంగబండిలా కనిపిస్తుంది.

డబ్బు విషయంలో బ్యాంకు చెక్కులా కనిపించే నకిలీ కాగితాలు తిరుగుతున్నాయి కాబట్టి, కొనేవాళ్ల బ్యాంకులోనే కలుసుకోవడం నయం. అమ్మకం అయిపోయిందని మోటారు వాహనాల శాఖకి తెలియజేసే చిన్న ఫారం ఉంటుంది, దాన్ని మరిచిపోతే ఆ తర్వాత వచ్చే చిక్కులు పాత యజమాని ఇంటికే వస్తాయి.

బండి నడవకపోయినా ఫర్వాలేదు, దొర్లితే చాలు. నాలుగు చక్రాల్లో గాలి నిలిచి, స్టీరింగు తిరిగి, బ్రేకులు పట్టేసి లేకపోతే వించితో ట్రైలర్ మీదికి లాగడం పావుగంట పని. పట్టేస్తే ట్రక్కువాడు అదనంగా అడుగుతాడు, కొన్నిసార్లు ఎక్కించుకోనంటాడు. అయిదారు వందల డాలర్లకి దొరికే పాత రిమ్ములూ టైర్లూ తగిలించి పెట్టడం ఒక్కటే అమ్మేముందు బండి మీద చేయదగ్గ రిపేరు.

ఇక బండి వెళ్లిపోయిన నెలకి గ్యారేజీ అటక సర్దుతుంటే, గోనెసంచిలో చుట్టిన ఒరిజినల్ ఎయిర్ క్లీనర్, రెండు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు బయటపడతాయి. 1975లో రేసు సామాను బిగించినప్పుడు తీసి పైన పడేసినవి. అలాంటివి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి కాబట్టి, ఆ అటకేదో ప్రకటన వేయకముందే ఎక్కి చూడాలి.